గానుగ చెక్కలోని మాంసకృత్తులు

వేరుశనగ నుండి నూనె తీయగా మిగిలే చెక్కను పశువులకు దాణాగాను, పొలానికి ఎరువుగాను వాడటం మనలో పరిపాటి. ఉర్దూలో దీనినే ఖలీ అంటారు. గింజలో మాంసకృత్తులు నూటికి సుమారు 25 పాళ్లుండగా, నూనె పోయిన చెక్కలో 45 నుండి 50 పాళ్ల వరకు ఉంటాయి. కందిపప్పులో ఉన్నవి 22 పాళ్లే. మరి ఇంతటి పోషక పదార్థం మానవాహారం కారాదా?

ఇందుకొక పద్ధతి ఉన్నది. శుభ్రమైన గింజల పైపొర తీసి, తక్కువ వేడిలో నూనె పిండాలి. అధికమైన వేడి సోకిన మాంసకృత్తులు నీటిలో సరిగా కరగవు. మిగిలిన నూనెను హెక్సేన్ అనే ద్రావణితో తీసి, ఆ ద్రావణిని పూర్తిగా ఆవిరిగా తొలగించాలి. ఆ పిండిని స్వల్పంగా క్షారగుణం గల నీటిలో కలిపితే మాంసకృత్తులు కరుగుతాయి, పీచు విడిపోతుంది. తేటకు ఆమ్లం చేర్చి పి.హెచ్. విలువను 4.5కు తెస్తే, అవి విరిగిన పాలవలె అడుగున పేరుకుంటాయి. వాటిని కడిగి ఆరబెడితే పొడి సిద్ధమవుతుంది.

మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 75 పాళ్ల వేరుశనగ చెక్కపిండికి 25 పాళ్ల శనగపిండి చేర్చి బహుళార్థసాధక ఆహారాన్ని రూపొందించింది. వేరుశనగలో కొరవడిన లైసిన్‌ను శనగ కొంత పూరిస్తుంది.

అయితే ఒక ప్రమాదం ఉన్నది. 1960లో ఇంగ్లండులో సుమారు లక్ష టర్కీ కోళ్లు మరణించాయి. బూజు పట్టిన వేరుశనగ దాణాలోని అఫ్లాటాక్సిన్ అందుకు కారణమని తరువాత తేలింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ గ్రామాలలో తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడగా, 106 మంది మరణించారు. దీనిని పరిశోధించినది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. వంటవేడి ఈ విషాన్ని పూర్తిగా నశింపజేయదు. పశువుకు పెట్టే చెక్క కూడా నిర్భయమైనది కాదు. విషాంశం పాలలోకి వస్తుంది.

కనుక మాంసకృత్తుల రక్షణ కర్మాగారంలో కాక, కల్లంలోనే ఆరంభం కావాలి. కాయలు బాగుగా ఎండాలి. పుచ్చు గింజలను ఏరివేయాలి. తడిలేని చోట నిలువ చేయాలి. ప్రతి విడత చెక్కను పరీక్షించాలి. చౌక ఆహారం మొదట చేరేది పేదబిడ్డ కంచానికే. చౌకదనం పేరిట పరీక్షను మానితే ఆ బిడ్డకే కీడు. పేట్ బషీరాబాద్ పరిసరాల విద్యార్థులు పట్టభద్రులై ప్రయోగశాలలలో అడుగుపెట్టే నాడు, చెక్కలో మాంసకృత్తులెన్ని అనే ప్రశ్నకు ముందు, ఇది నిర్విషమా అనే ప్రశ్న వేయగలగాలి.