నల్లని పాత్రపై బంగారు పూలు

పూర్వపు హైదరాబాదు రాష్ట్రమున స్థిరపడిన పాత కుటుంబముల యిండ్లలో నల్లని హుక్కా పాత్రయో, తాంబూలపు పెట్టెయో నేటికిని అక్కడక్కడ కానవచ్చును. మసిపట్టిన ఇనుప సామానని తలచి దానిని చింతపండుతో తోమవలెననియు, పాత సామాను వర్తకునకు తూకమున కమ్మవలెననియు ఎవరికైనను తోచవచ్చును. అట్లు చేయుటకు ముందు కొంచెము ఆగుడు. అది బీదరు పని కావచ్చును.

బహమనీ సుల్తానుల రాజధానియైన బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండి, పిదప నేటి కర్ణాటకమున చేరెను. అచ్చటి వస్తువులు 1851లో లండను మహా ప్రదర్శనమునకును వెళ్లినవి.

ఈ పాత్ర ఇనుము కాదు. సుమారు 16 పాళ్లు తుత్తునాగమునకు 1 పాలు రాగి చేర్చి, కరగించి, ఇసుక అచ్చులో పోయుదురు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తపు నీరు రుద్దగా పైభాగము తాత్కాలికముగా నల్లబడును. ఆ నలుపుమీద పూలు, లతలు గీయుట సులభము. గీతవెంబడి చిన్న ఉలితో గాడి తొలచి, వెండి తీగనో రేకునో అందులో నుంచి సుత్తితో కొట్టి బిగింతురు. జిగురు లేదు, అతుకు లేదు. తరువాత మరల నునుపు చేయగా నలుపంతయు పోయి, వెండికిని పాత్రకును భేదమే తెలియదు! అప్పుడు బీదరు కోటలోని పాత మట్టిని నవాసాగరముతో కలిపి, పాత్రను వేడిచేసి రుద్దుదురు. పాత్ర శాశ్వతముగా నల్లనగును. వెండి తెల్లగనే నిలుచును. మట్టి మహిమ యెంత యున్నను, ఆ నలుపునకు మూలము లోహములోని స్వల్పమైన రాగియే.

కొన్ని పాత వస్తువులలో వెండి నడుమ పసుపుపచ్చని పూలుండును. పచ్చనిదంతయు బంగారము కాదు. పూర్వము ఇత్తడిని కూడ పొదిగెడివారు. అది కాలక్రమమున మాసిపోవును, బంగారము మాయదు. బంగారము పొదిగినవి అరుదు. పరీక్షకై గీచుట, ఆమ్లము వేయుట కూడదు. బీదరులోనో, హైదరాబాదులోనో ఈ వృత్తి నెరిగిన పనివానికి చూపుట మేలు. తూకమున చూచినచో ఇందలి వెండి బంగారములు బహు స్వల్పము. వెల అంతయు పనితనములోనే యున్నది.

చింతపండు పులుపు తుత్తునాగమును తినివేసి నలుపును చెరచును. పొయ్యిమీద పెట్టుట మరింత హాని; తుత్తునాగము సుమారు 420 డిగ్రీల వేడికే కరగును. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, ఎప్పుడైన రెండు చుక్కల కొబ్బరినూనె రాచిన చాలును.