థార్, జిమ్నీకి స్కిడ్ ప్లేట్ వేయిస్తున్నారా? పెదవేగి మట్టలు, కొల్లేరు బురద సంగతి ముందు చూడండి

కొత్త ఫోన్ కొన్న రోజే బ్యాక్ కేస్, టెంపర్డ్ గ్లాస్ వేసేస్తాం. లక్షలు పోసి కొన్న ఫోర్ బై ఫోర్ బండి కింద ఏముందో మాత్రం చాలామంది ఒక్కసారి కూడా వంగి చూడరు. అక్కడ ఉండేవి ఇంజిన్ ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ఫ్యూయల్ ట్యాంక్. చాంబర్‌కి పగులు వచ్చిందంటే ఆయిల్ మొత్తం కారిపోతుంది. ఎర్ర ఆయిల్ లైట్ వెలగ్గానే ఆపకపోతే ఇంజిన్ పట్టేస్తుంది. మన మెకానిక్‌లు చాంబర్ గార్డ్ అని పిలిచే స్కిడ్ ప్లేట్ ఉన్నది ఇందుకే.

యూట్యూబ్‌లో చూసే స్కిడ్ ప్లేట్ వీడియోలు ఎక్కువగా రాళ్ల దారుల్లో తీసినవి. ఎంత మందం ప్లేట్ అయితే అంత మంచిది అంటారు. ఏలూరు చుట్టుపక్కల తిరిగే బండికి ఆ లెక్క సగమే పనికొస్తుంది.

పెదవేగి వైపు ఎర్రనేల, పామాయిల్ తోటలు. భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది కూడా పెదవేగిలోనే. గెలలు కోసేటప్పుడు నరికిన మట్టలను తోటల్లో వరుసల మధ్యే వదిలేస్తారు. ఆ మట్టల మొదళ్లకు గట్టి ముళ్లుంటాయి. ముందు చక్రం ఒక కొస తొక్కితే రెండో కొస పైకి లేచి బండి పొట్టలోకి పొడుస్తుంది. వైరింగ్, బ్రేక్ పైపులు, సెన్సర్ల కేబుళ్లు ఉండేదీ అక్కడే. ఏలూరు దాటి దక్షిణానికి వెళ్తే కొల్లేరు, చేపల చెరువుల గట్లు, నల్లరేగడి. ఇక్కడ ప్లేట్‌కి దెబ్బల కంటే బురదతోనే బాధ. తడిగా ఎక్కిన రేగడి ఆరాక సిమెంట్‌లా బిగుస్తుంది. రాళ్లు కావాలంటే బుట్టాయగూడెం అడవిలో గుబ్బల మంగమ్మ గుడికి వెళ్లే వాగుల దారి ఉండనే ఉంది. (కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం. గట్టు దిగి సరస్సులో ఆఫ్‌రోడింగ్ చేద్దామనే ఆలోచన వద్దు.)

స్టీలా, అల్యూమినియమా?

కిట్ మొత్తం వైశాల్యం ఒక చదరపు మీటరు అనుకుందాం. 3 ఎంఎం స్టీల్ అయితే దాదాపు 23.5 కేజీలు. 6 ఎంఎం అల్యూమినియం అయితే 16 కేజీలు. స్టీల్ రాయి మీద రాసుకుంటూ జారిపోతుంది, వంగినా సుత్తితో సరిచేసుకోవచ్చు. అల్యూమినియం తేలిక, కానీ మెత్తన. రాతి అంచు దానిలోకి దిగి పట్టుకుంటుంది.

ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పునీరు కొల్లేరు వైపు ఎగదన్నుతుంది. రొయ్యల చెరువుల దగ్గరా ఉప్పదనం ఉంటుంది. అల్యూమినియం ప్లేట్‌ని స్టీల్ బోల్ట్‌తో బిగించి ఉప్పుతడి తగలనిస్తే, ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారైనట్టే. బోల్ట్ చుట్టూ అల్యూమినియం తెల్లపొడిగా తినేసుకుపోతుంది. అందుకే చెరువుల వైపు ఎక్కువ తిరిగేవాళ్లు పౌడర్ కోటింగ్ వేసిన 3 ఎంఎం స్టీల్ తీసుకోవడమే నయం. అల్యూమినియమే కావాలంటే బోల్ట్‌కీ ప్లేట్‌కీ మధ్య నైలాన్ వాషర్లు, బుష్‌లు వేయించండి.

అసలు భయం నిప్పు

ఈ విషయం రివ్యూల్లో పెద్దగా రాదు. బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ ఫిల్టర్ మసిని కాల్చుకునేటప్పుడు దాని లోపల వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. కోతల రోజుల్లో మన రోడ్ల మీద వరిగడ్డి పరిచి ఉంటుంది. ఆ గడ్డి, ఎండిన మట్టల పీచు ప్లేట్ పైన చేరి ఎగ్జాస్ట్‌కి తగిలితే? కాబట్టి ఎగ్జాస్ట్ కింద పూర్తిగా మూసేసిన ప్లేట్ వద్దు. గాలి ఆడే చీలికలు, నీళ్లు పోయే రంధ్రాలు వెనక్కి తిరిగి ఉండాలి. ముందుకు తెరిచిన రంధ్రం బురదని గరిటెలా ఎత్తుకుంటుంది.

బిగించే పద్ధతి

ఇంజిన్, సైలెన్సర్ చల్లారాక, ముందు వాటర్ సర్వీసింగ్ చేయించి, ఫోన్‌తో కింద అంతా ఫోటోలు తీసి పెట్టుకోండి. వైర్లు ఎటు వెళ్తున్నాయో తర్వాత అవే చెప్తాయి. ర్యాంప్ ఉన్న షెడ్ అయితే మంచిది. ఇంట్లో చేస్తే ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరొద్దు, గట్టినేల మీద స్టాండ్లు వేయాల్సిందే.

ఛాసిస్‌కి కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోనే బిగిసే కిట్ కొనండి. కొత్తగా డ్రిల్ చేద్దాం, వెల్డింగ్ పెడదాం అనే షెడ్ నుంచి బయటకు వచ్చేయండి. ప్లేట్ పైకెత్తేటప్పుడు ఇద్దరుండాలి. ముందు బోల్టులన్నీ చేత్తో సగం వరకే తిప్పి, అన్నీ దారిలో పడ్డాక టార్క్ రెంచ్‌తో బిగించాలి. కిట్‌తో వచ్చిన విలువే ఫైనల్. అది లేకపోతే 8.8 గ్రేడ్ ఎం8 బోల్ట్‌కి సుమారు 25, ఎం10కి సుమారు 49 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క. బోల్ట్ తలలు ప్లేట్ లోపలికి దిగి ఉండాలి. బయటికి పొడుచుకొస్తే మొదటి రాయికే అరిగిపోయి, తర్వాత ఏ స్పానరూ పట్టదు.

చాంబర్‌కీ ప్లేట్‌కీ మధ్య ఖాళీ చూడకుండా ఎవరికీ డబ్బులివ్వకండి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, దెబ్బ తగిలితే ప్లేట్ పైకి వంగుతుంది. బొటనవేలు సులువుగా దూరేంత ఖాళీ లేకపోతే గార్డే వెళ్లి చాంబర్‌ని కొడుతుంది. ఇంకోటి, జిమ్నీ 210 ఎంఎం గ్రౌండ్ క్లియరెన్స్ ప్లేట్ వల్ల పెరగదు. దానికి ముందూ వెనకా రిజిడ్ యాక్సిలే. కిందికి వేలాడే డిఫరెన్షియల్ ఎప్పటిలాగే బయట ఉంటుంది. 226 ఎంఎం ఉన్న థార్‌లో వెనక యాక్సిల్‌దీ ఇదే కథ.

మన గ్యాడ్జెట్లతో టెస్ట్

ప్లేట్ వేయక ముందు ఒకసారి, వేశాక ఒకసారి, ఏలూరు నుంచి పెదవేగి దాకా అదే వేళకు, అదే స్పీడ్‌లో నడపండి. ఓబీడీ బ్లూటూత్ డాంగిల్‌తో కూలెంట్ టెంపరేచర్ రికార్డ్ చేయండి. ఫోన్‌ని సీట్ కింద నేలకి గట్టిగా అంటించి, జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇచ్చే ఫైఫాక్స్ యాప్‌లో యాక్సిలరోమీటర్ ఆన్ చేయండి. కొత్తగా వణుకు కనిపిస్తే ఎక్కడో ప్లేట్ తగులుతున్నట్టు, లేదా బోల్ట్ లూజు. 100 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ చెక్ చేయాలి.

బంపర్ ముందుకు పొడుచుకొచ్చే పైపులు కూడా కలిపి అమ్మితే వద్దనండి. క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. ప్లేట్ సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి, వారంటీ గురించి డీలర్‌ని ముందే అడగండి.

బురదలో తిరిగొచ్చిన రోజే, ఆరకముందే, ప్లేట్ పైభాగంలోకి నీళ్లు కొట్టించాలి. ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ రంధ్రంలోంచి కానిచ్చేస్తామంటారు. ఒప్పుకోకండి, ప్లేట్ పూర్తిగా దించమనండి. పైన చేరిన గడ్డి, ముల్లు గీరిన వైరు అప్పుడే కంటపడతాయి.