జైసల్మేరు నగరమున మూడు దినములు

విద్యార్థులారా! రాబోవు జనవరి మాసమున గణతంత్ర దినోత్సవపు సెలవులను కలుపుకొని, రాజస్థానమునందలి జైసల్మేరు నగరమును చూచి రావలెనని మీలో పెక్కుమంది కోరితిరి. రైలులో రాకపోకలకు అయ్యెడి దినములను వేరుగా లెక్కింపగా, నగరమున నిలుచుటకు మూడు దినములు మిగులును. ఏ యాత్రకైనను ముందు టిక్కెట్టు, పిదప బస, ఆపైని చూడదగిన స్థలములు అని ఆలోచించుట వాడుక. ఈ యూరి విషయమున మాత్రము నీటితో మొదలుపెట్టవలెను.

మన షోలాపురమును మనము కరవుసీమ యందుము. జైసల్మేరున ఏటికి కురియునది సుమారు 200 మిల్లీమీటర్లు మాత్రమే. మన వానలో సగమైనను కాదు. అట్టి యెడారిలో రావల్ జైసల్ అను భాటీ రాజపుత్రుడు 1156లో త్రికూటమను గుట్టపై కోట కట్టించెను. ఒంటెల బిడారులు ఆ దారిన నడచినంతకాలము వర్తకులు ధనవంతులైరి. ఆ ధనమే శిల్పమాయెను. కోటయు, ఊరిలోని మేడలును పసుపుపచ్చని ఇసుకరాతివే. అందుచేతనే దానిని బంగారుకోట యందురు. 2013లో యునెస్కో దీనిని రాజస్థాన గిరిదుర్గములలో ఒకటిగా ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చెను.

ఇక బస. కోటలో నేటికిని జనులు కాపురమున్నారు. వారి యిండ్లలో కొన్ని బసగృహములైనవి. కిటికీ తెరచిన సూర్యోదయము కనబడునట, అక్కడనే దిగుదమని పిల్లల పట్టు. నేను ఒప్పుకొనలేదు. ఆ గుట్ట మన దక్కను నల్లరాయివంటిది కాదు. మెత్తని ఇసుకరాయి, బంకమన్ను కలిసిన పొరలు. పూర్వము స్త్రీలు గడీసర్ చెరువునుండి బిందెలతో నీరు మోసికొని గుట్ట యెక్కెడివారు, మోసినంతయే వాడకము. కొళాయిలు, స్నానపుగదులు వచ్చిన పిమ్మట వాడకము అనేకరెట్లు పెరిగెను. కాలువలు కారి నీరు పునాదులలోనికి ఇంకెను. కొన్ని బురుజులు కూలెను. వరల్డు మాన్యుమెంట్సు ఫండు అను సంస్థ 1996లోనే ఈ కోటను అపాయమునందున్న కట్టడముల పట్టికలో వ్రాసెను.

"బసలే లేకున్న ఆ కుటుంబములు బ్రదుకుటెట్లు?" అని ఒక తండ్రిగారు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మన భోజనము కోటలోనే చేయుదము, దారి చూపువానిని అక్కడివానినే పెట్టుకొందము, కొనవలసినవి అక్కడనే కొందము. స్నానము, నిద్ర మాత్రము క్రింది ఊరిలో.

మొదటి ఉదయము గడీసర్ చెరువు. 14వ శతాబ్దమున మహారావల్ గడసీ పేరిట వెలసినది. దాని ద్వారమును తీలోఁ అను వేశ్య కట్టించెననియు, రాజు దానిని పడగొట్టకుండునట్లు పైన కృష్ణుని గుడి నిలిపెననియు కథ చెప్పుదురు. అటుపిమ్మట కోట, అందలి జైనాలయములు, తాళపత్ర గ్రంథభాండారము.

రెండవ దినము హవేలీలకు. పట్వాల హవేలీలు ఐదు, 1805లో ఆరంభమైనవి. అందరును వానినే పొగడుదురు. నా కన్నులకు మాత్రము 1885 నాటి నథ్‌మల్ హవేలీ మిన్న. హాథీ, లాలూ అను అన్నదమ్ములు చెరియొక ప్రక్క చెక్కిరని ప్రతీతి. దూరమునుండి రెండు ప్రక్కలును ఒక్కటే. దగ్గరకు పోయిన ఏ పువ్వును దాని జోడుతో సరిపోలదు. చిత్రలేఖనపు నోటుపుస్తకము ఇక్కడికి తప్పక తేవలెను. తొందరపడరాదు, ఒక పూట అంతయు కూర్చుండుదము.

మూడవ దినము కుల్ధరా. పాలీవాల బ్రాహ్మణులు 19వ శతాబ్దమున విడిచిపోయిన గ్రామమిది. దివాను దౌర్జన్యము వలన ఒకే రాత్రి లేచిపోయిరని జనులు చెప్పుకొందురు. నీరు తగ్గుటయే కారణమని పరిశోధకులు కొందరు తలంతురు. వారు నేర్పిన ఖడీను అను సేద్యమును గమనింపుడు. పల్లమునకు అడ్డముగా మట్టికట్ట వేసి వాననీటిని నిలుపుదురు. అది ఇంకిన తడినేలలో చలికాలమున గోధుమ, శనగ పండింతురు. కాలువ లేదు, మోట లేదు.

సాయంకాలము సమ్ ఇసుకతిన్నెలు. ఒంటె యెక్కువారు ఎక్కుదురు, అది చెప్పనక్కరలేదు. రాత్రి మాంగణియారుల పాట వినవలెను. వీరు ముస్లిములు, తరతరములుగా రాజపుత్రుల యిండ్ల పుట్టుకలకు, పెండ్లిండ్లకు పాడువారు. గుండ్రని డొల్లకు మేకతోలు బిగించిన కమాయిచాను కమానుతో వాయింతురు. ఖర్తాల్ మన హరిదాసుల చిడతల వంటిదే. హమీరా గ్రామపు కమాయిచా విద్వాంసుడు సాకర్‌ఖాన్‌కు 2012లో పద్మశ్రీ లభించెను. 2013లో ఆయన గతించెను. ఈ విద్యకు పుస్తకము లేదు. పిల్లలు పెద్దల నోటనే నేర్తురు. వారి పాట మార్వాడీ, బడి హిందీ. ఇంట తెలుగును వీధిని మరాఠీని పలుకు మీకు ఆ స్థితి క్రొత్త కాదు. పాటల యర్థమును వారినే అడిగి వ్రాసికొనుడు.

జనవరి రాత్రులు గట్టి చలి. ఉన్ని దుస్తులు, కంబళి తేవలెను. స్నానమునకు ఒక్కొక్కరికి ఒక బకెట్టు. ఎవరింట ఏ పనికి ఎన్ని బిందెల నీరు ఖర్చగుచున్నదో ప్రయాణమునకు ముందువారము ఏడు దినములు లెక్క వ్రాసి, తల్లిదండ్రుల సంతకముతో నాకు చూపవలెను. లెక్క తెచ్చినవారి పేర్లే టిక్కెట్ల పట్టికలోనికి ఎక్కును.