ముందు బ్రేక్ ప్యాడ్లు ఎప్పుడు చూశారు?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో చాలామంది పిల్లలు అమ్మానాన్నల బండి మీదే బడికి వస్తారు. బ్రేక్ వేయగానే బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. అందుకే బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వేగం రెట్టింపైతే, బ్రేక్ వేశాక బండి ఆగే దూరం సుమారు నాలుగు రెట్లు అవుతుంది.

డిస్క్ బ్రేక్ అయితే టార్చ్ వేసి చూడండి. ప్యాడ్ మీది గాడి అరిగిపోయినా, మందం 2 మిల్లీమీటర్లకు తగ్గినా మార్చాలి. గరగర శబ్దం వచ్చేదాకా ఆగితే డిస్క్ కూడా పాడవుతుంది.

మార్చే విధానం:

1. బండి చల్లారాక సెంటర్ స్టాండ్ వేయండి. ప్యాడ్ పిన్ను వదులు చేసి, క్యాలిపర్ బోల్టులు విప్పండి. క్యాలిపర్‌ను బ్రేక్ పైపుకు వేలాడనీయకండి.

2. పాత ప్యాడ్లు తీసి, పిస్టన్‌ను మెల్లగా లోపలికి నెట్టండి. పైన బ్రేక్ ఆయిల్ పొంగకుండా చూడండి.

3. కొత్త ప్యాడ్లు రెండూ ఒకేసారి వేయండి. నూనె, గ్రీజు అంటకూడదు.

4. అన్నీ బిగించాక, లివర్ గట్టిపడేదాకా నొక్కి వదులుతూ ఉండండి. ఇది మరిస్తే మొదటిసారి బ్రేక్ పడదు.

పిల్లల్ని ఎక్కించుకునే ముందు ఒక్కరే మెల్లగా నడిపి చూడండి. పని కొత్తదైతే మెకానిక్‌తోనే చేయించండి, పిల్లల్ని పక్కన నిలబెట్టి చూపించండి. ఘర్షణ పాఠం వాళ్లకు ఇక మరపురాదు.