కడపటివానికి తోడు



ప్రాచీన కాలములో కొరింథు పట్టణము దగ్గర రెండు సంవత్సరముల కొకసారి గొప్ప ఆటల పండుగ జరుగుచుండెను. అందులో గెలిచినవాని తలమీద ఆకులతో అల్లిన కిరీటము పెట్టెడివారు. అది కొద్ది దినములలోనే వాడిపోవునది. పౌలు ఆ ఊరి సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో పరుగు పందెమును దృష్టాంతముగా తీసికొనెను. ఆ ఊరివారికి అంతకంటె బాగుగా తెలిసిన సంగతి మరియొకటి లేదు. మనము ఆ భాగమును చదివినప్పుడెల్ల అందరికంటె ముందు పరుగెత్తువానినే మనస్సులో చూచుచుందుము. అతని వెనుక వచ్చువారిని గూర్చి మనమెన్నడైన ఆలోచించితిమా?

ఈ నెల పాఠములో బహుమానము కోరక, పేరు కోరక, ప్రతి ఉదయమున లేచి పరుగెత్తు సామాన్యులను గూర్చి తెలిసికొందము. వారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, ఇల్లాండ్రు. పరుగెత్తుచు తమ ఇంటి సంగతులు చెప్పుకొందురు. వారి యొద్ద మనము నేర్చుకొనవలసినది ఒకటి గలదు.

1. బూట్ల కర్మాగారములోని పనివాడు

న్యూజిలాండు దేశములోని ఆక్లాండు పట్టణమున 1917వ సంవత్సరములో ఆర్థర్ లిడియార్డ్ అనునాయన పుట్టెను. ఆయన బూట్ల కర్మాగారములో పనిచేసి జీవించుచుండెను. రగ్బీ ఆట ఆడువాడు గనుక తన దేహము గట్టిదని ఆయన తలంచెను. ఒకనాడు ఒక స్నేహితునితో కలిసి 5 మైళ్లు పరుగెత్తగా ఊపిరి ఆడక, గుండె దడదడ కొట్టుకొని, తన బలము ఎంత కొద్దిదో ఆయనకు తెలిసివచ్చెను. ఈ వయస్సులోనే ఇట్లున్న యెడల వృద్ధాప్యములో నా గతి యేమి అని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొనెను.

అటుపిమ్మట ఏండ్ల తరబడి ఆయన తన దేహముమీదనే పరీక్షలు చేసికొనెను. ఒక వారము మిక్కిలి దూరము, మరియొక వారము కొద్ది దూరము పరుగెత్తి ఏది మేలో కనుగొనెను. ఆయన కనుగొనిన సంగతి సులభమైనదే. ప్రాణము మీదికి తెచ్చుకొని వేగముగా పరుగెత్తుటకంటె, నెమ్మదిగా, ఎక్కువ దూరము, విడువకుండ పరుగెత్తుటయే దేహమును బలపరచును. ఆయన నేర్పిన యువకులలో ఇద్దరు, పీటర్ స్నెల్ మరియు ముర్రే హాల్‌బర్గ్, 1960వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన రోము నగరపు ఒలింపిక్ పందెములలో ఒక్క సాయంకాలమే రెండు బంగారు పతకములు గెలిచిరి. హాల్‌బర్గ్ ఎడమచేయి యౌవనమందే ఆటలో దెబ్బతిని చచ్చుబడినది. ఆ చేతితోనే ఆయన గెలిచెను.

అయితే మనకు కావలసినది ఆ పతకములు కావు. నడివయస్సు దాటినవారు, గుండెజబ్బు వచ్చినవారు లిడియార్డ్ యొద్దకు వచ్చిరి. గుండెపోటు వచ్చినవాడు మంచము దిగకూడదని చాలమంది అనుకొనుచుండిన కాలమది. ఆయన వారికి కూడ అదే పద్ధతి నేర్పెను: నెమ్మదిగా పరుగెత్తుడి, అలసినచో నడువుడి, మరల మెల్లగా సాగుడి. 1962లో ఆక్లాండులో ఇట్టివారందరు కలిసి ఒక చిన్న సంఘముగా ఏర్పడిరి. ఇట్లు మెల్లగా పరుగెత్తుటకే జాగింగ్ అని పేరు.

2. గట్టుమీద ఆగిపోయిన గురువు

అదే సంవత్సరము చివర అమెరికా దేశపు ఆరెగాన్ విశ్వవిద్యాలయమునుండి బిల్ బవర్‌మన్ అను పరుగు గురువు లిడియార్డును చూడవచ్చెను. ఆయన శిష్యులు లోకప్రసిద్ధులు. ఆయన వయస్సు 51 సంవత్సరములు. తాను మిక్కిలి ఆరోగ్యవంతుడనని ఆయన నమ్మకము. ఒక ఉదయమున లిడియార్డ్ ఆయనను ఈ సామాన్యుల గుంపుతో కలిసి పరుగెత్తుటకు పిలుచుకొని పోయెను.

మొదట సమమైన నేలమీద బాగుగనే సాగెను. గట్టు ఎక్కనారంభించినంతనే బవర్‌మన్‌కు ఆయాసము వచ్చెను. స్త్రీలు, ముసలివారు, గుమాస్తాలు ఆయనను దాటి పోవుచుండిరి. లోకమునకు పరుగు నేర్పు గురువు అందరికంటె వెనుకబడిపోయెను.

అప్పుడు ఆ గుంపులో డెబ్బది యేండ్లు దాటిన ఒక వృద్ధుడు ఆయనను చూచెను. ఆ వృద్ధునికి అంతకుముందు ఒకసారి కాదు, పలుమారులు గుండెపోటు వచ్చియుండెను. ఆయన తన వేగము తగ్గించుకొని, వెనుకకు వచ్చి, ఈ పరదేశితో కలిసి మెల్లగా సాగెను. బవర్‌మన్‌కు మారుమాట చెప్పుటకైన ఊపిరి లేదు. అయినను ఆ పెద్దాయన ఆయనను విడువక, దగ్గరి త్రోవన గట్టు దింపి, తక్కినవారు చేరువేళకే గమ్యమునకు చేర్చెను.

చదువరులారా, ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపుడి. ఆ దినమున బవర్‌మన్‌ను దాటిపోయినవారు పెక్కుమంది. వారు చెడ్డవారు కారు. వారి పరుగు వారు పరుగెత్తిరి. కాని ఆయన జీవితమును మార్చినవాడు వెనుకకు వచ్చిన ఆ ఒక్కడే. బవర్‌మన్ అచ్చటనే కొన్ని వారములుండి ప్రతిదినము పరుగెత్తి, బరువు తగ్గి, నూతన బలముతో 1963 ఆరంభమున తన ఊరైన యూజీన్‌కు తిరిగి వెళ్లి, అచ్చటి పౌరులను పరుగెత్తుటకు రమ్మని పిలిచెను. మొదట కొద్దిమంది వచ్చిరి. కొద్ది వారములలోనే వందలమంది వచ్చుట చూచి, ఎవరికైన ప్రాణాపాయము కలుగునేమో అని భయపడి, కొంతకాలము ఆపివేసెను. పిమ్మట హారిస్ అను గుండె వైద్యునితో కలిసి జాగ్రత్తయైన క్రమమును ఏర్పరచెను. వారిద్దరు 1967లో ప్రకటించిన చిన్న పుస్తకము ద్వారా ఈ అలవాటు అమెరికా అంతట వ్యాపించెను.

3. మాటలాడగల వేగము

వీరి పద్ధతిలోని రహస్యము ఒక్క మాటలో చెప్పవచ్చును. ప్రక్కవానితో మాటలాడగలిగినంత వేగముగానే పరుగెత్తవలెను. మాట తెగిపోవుచున్న యెడల వేగము తగ్గింపవలెను. దీనికి గడియారము అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. తోడు ఒకరుండిన చాలును.

ఇందులో దేహధర్మము గలదు. మాట నిలకడగా వచ్చుచున్నదనగా కండరములకు కావలసిన ప్రాణవాయువు చాలినంత అందుచున్నదని అర్థము. అట్లు నెమ్మదిగా నెలల తరబడి శ్రమించిన యెడల, గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తమును పంపుటకు నేర్చుకొనును. కండరములలో సన్నని రక్తనాళములు వృద్ధియగును. ఒక దినము కష్టపడినచో మరునాడు తేలికగా సాగవలెనని బవర్‌మన్ నేర్పెను. దేహము బలపడునది శ్రమలో మాత్రమే కాదు, శ్రమ తరువాతి విశ్రాంతిలో.

ఇట్లు మాటలాడుచు పరుగెత్తువారి మధ్య ఒక విచిత్రమైన స్నేహము పుట్టును. ఒకడు తన మోకాలి నొప్పి చెప్పును. ఒకామె రాత్రి బిడ్డకు జ్వరము వచ్చి నిద్రలేదని చెప్పును. ఒకడు కుమారుని పరీక్ష సంగతి, మరియొకడు అప్పు సంగతి చెప్పును. ఎదురెదురుగా కూర్చుండి చెప్పలేని మాట ప్రక్కప్రక్కన సాగుచు చెప్పగలుగుదుము. కళ్లు త్రోవమీద నుండును గనుక నోటికి ధైర్యము వచ్చును. ఎమ్మాయు త్రోవలో పోవుచుండిన ఆ ఇద్దరి దుఃఖము కూడ నడకలోనే గదా బయలుపడెను.

4. పరుగెత్తలేనివాడు కూర్చిన పరుగు

ఇంగ్లాండులో లండను నగరపు నైరుతి దిక్కున టెడింగ్టన్ అను చోట బుషీ పార్క్ అను విశాలమైన ఉద్యానవనము గలదు. పాల్ సింటన్ హ్యూయిట్ అనునాయన పరుగునందు మిక్కిలి ఆసక్తిగలవాడు. ఆయనకు గాయము తగిలి పరుగెత్తలేకపోయెను. అంతకంటె ఎక్కువగా బాధించినది స్నేహితులకు దూరమగుట. ఇంటిలో కూర్చుండి దిగులుపడుటకు మారుగా ఆయన ఒక పని చేసెను. శనివారము ఉదయము 9 గంటలకు వచ్చిన యెడల మీరు 5 కిలోమీటర్లు పరుగెత్తవచ్చును, నేను గడియారము పట్టుకొని నిలుచుందును అని వారిని పిలిచెను. రుసుము ఏమియు లేదు.

2004వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన 13 మంది పరుగెత్తిరి. చేరినవారి వరుస గుర్తించుటకు బోల్టులకు వేయు ఇనుప వాషర్లను బిళ్లలుగా ఇచ్చిరి. పరుగు ముగిసిన తరువాత అందరు కలిసి కాఫీ త్రాగిరి. అంతే. నేడు పార్క్‌రన్ అను పేరుతో అది 20కి మించిన దేశములలో ప్రతి వారము జరుగుచున్నది. ఇప్పటికిని రుసుము లేదు. పని చేయువారు జీతము పుచ్చుకొనరు. ఈ వారము పరుగెత్తినవాడు మరుసటి వారము గడియారము పట్టుకొని నిలుచును.

వారిలో ఒక ఏర్పాటు నా మనస్సును మిక్కిలి తాకినది. ప్రతి వారము ఒకరు అందరికంటె వెనుక నడుచుటకు తామే ఒప్పుకొందురు. ఎవరు ఎంత మెల్లగా వచ్చినను, ఆ వ్యక్తి వారికంటె వెనుకనే యుండును. అందువలన వచ్చినవారిలో ఎవరును కడపటివారు కానేరరు. కడపటి స్థానము ముందుగానే ఒకరు ప్రేమతో తీసికొనియున్నారు.

5. మన కాలువ గట్టుమీద

ఇప్పుడు నా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మేము నలుగురము ఉదయమున మా ఊరి కాలువ గట్టుమీద కొంత నడిచి, కొంత పరుగెత్తుచుంటిమి. మాలో ఒకాయన కుట్టుపని చేయు పెద్దాయన. రోజంతయు మిషను ముందు కూర్చుండువాడు. చక్కెర వ్యాధి యుండెను. నడువుమని డాక్టరు చెప్పగా మాతో చేరెను. మొదటి వారము ఆయనతో కలిసియే వెళ్లితిమి. పిమ్మట మా కాళ్లకు బలము వచ్చెను. లాకుల వరకు ఎవరు ముందు చేరుదురో చూతమని పంతములు పట్టితిమి. ఆయన వెనుక వచ్చుచుండెను. మేము లాకుల యొద్ద నిలిచి, ఆయన కనబడగానే తిరిగి బయలుదేరుచుంటిమి. అనగా ఆయనకు నిలుచు వ్యవధి యైనను ఇయ్యలేదు.

ఒక నెల తరువాత ఆయన వచ్చుట మానివేసెను. ఓపిక లేక మానెనని మేము సమాధానము చెప్పుకొంటిమి. చాల దినముల తరువాత చొక్కా కుట్టించుకొనుటకు వెళ్లి, "ఏమి బాబాయి గారూ, రావడం మానేశారు?" అని అడిగితిని. ఆయన కత్తెర క్రిందపెట్టి, "ఓపిక లేక కాదు మాస్టారూ. రోజూ మీ వీపులు చూస్తూ రావడం దేనికని మానుకున్నాను" అనెను.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్రయు రాలేదు. మరునాడు ఉదయమున నేను కాలువకు పోక ఆయన గుమ్మము ముందు నిలిచితిని. చాలసేపటికి ఆయన తలుపు తీసి, నన్ను చూచి, ఏమియు అనక చెప్పులు తొడుగుకొనెను. ఆ దినమున మేము లాకుల వరకు పోలేదు. సగము దూరములోని రావిచెట్టు వరకే పోయితిమి. త్రోవలో ఆయన తన భార్య పోయిన సంవత్సరమున జరిగిన సంగతులన్నియు చెప్పెను. అంతకుముందు నెల దినములు మాతో తిరిగినను ఆ మాట ఒక్కటియు మేము వినియుండలేదు. వినగల దూరములో మేమెన్నడును లేము.

పొలములో పొద్దంతయు వంగి పనిచేయు మనవారిలో అనేకులకు ప్రత్యేకముగా పరుగెత్తవలసిన అవసరము లేదు. కూర్చుండి పనిచేయువారు, చక్కెర వ్యాధి, రక్తపుపోటు గలవారు మాత్రము డాక్టరును అడిగి, మెల్లని నడకతో మొదలుపెట్టుట మేలు. గుండెలో నొప్పి గాని, తల తిరుగుట గాని కలిగినచో వెంటనే ఆగవలెను. అయితే ఈ పాఠము కాళ్లను గూర్చినది మాత్రమే కాదు. ఇంటిలోను, సంఘములోను, బడిలోను మనము కలిసి సాగుచున్నాము. మన వేగమును నిర్ణయింపవలసినది ఎవరు? ముందున్నవాని బలమా, వెనుకనున్నవాని ఊపిరియా?

ఆక్లాండు గట్టుమీది వృద్ధుడు పందెము గెలువలేదు. ఆయన చేసినదెల్ల వెనుకకు చూచి, వేగము తగ్గించుటయే. అది మనలో ఎవరైనను రేపు ఉదయముననే చేయగలరు.

కుటుంబములలోను కూటములలోను ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. రెండు వారములుగా కనబడని మనుష్యుడు మన గుంపులో ఎవరైన ఉన్నారా? ఆయన ఎందుకు రాలేదని మనలో ఎవరైన వెళ్లి అడిగితిరా, లేక మనమే సమాధానము చెప్పుకొంటిమా?

2. పరుగెత్తలేకపోయిన దినమున గడియారము పట్టుకొని నిలిచిన మనుష్యునివలె, చేతకాని కాలములో మనము ఇతరులకు ఏ ఉపకారము చేయగలము?

3. ఈ నెలలో కడపటి స్థానమును ఇష్టపూర్వకముగా తీసికొనుటకు మనలో ఎవరు ముందుకు వచ్చెదరు?