పడిసెమునకు చలి కారణమగునా?

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మా చుండూరు ప్రాంతమున గృహగృహమునను నొక్కటే హెచ్చరిక వినవచ్చును. "తలకు గుడ్డ కట్టుకొనుము, మంచులో తిరుగకుము, పడిసెము పట్టును." వెంటనే కిటికీలు మూయబడును. బాలింతరాలున్న గదిలో గాలి యాడనీయరు. ఈ నమ్మకము మనకొక్కరికే చెందినది కాదు. ఆంగ్లభాషయందు చలికిని ఈ వ్యాధికిని పేరొక్కటియే. మనవారు "శైత్యము చేసినది" అనుటయు నట్టిదే. పేరునందే తీర్పు చెప్పియుండగా విచారణ యెవరికి కావలయును? అయినను, పూర్వులు చెప్పిరన్నంతమాత్రమున దేనిని నమ్మరాదని యితర విషయములందు వాదించు మనము, ఇంటిలోని యీ చిన్న విషయమునందు మాత్రము విచారణ మానుట తగదని మాకు తోచినది.

మొదట నిర్వివాదమైన యంశము. పడిసెము సూక్ష్మజీవులవలన గలుగు నంటువ్యాధి. 1914వ సంవత్సరమున జర్మనీలోని లైప్సిగ్ నగరమున క్రూజ్ అను శాస్త్రజ్ఞుడు పడిసెముగలవాని ముక్కునీటిని బాక్టీరియాలు సైతము దాటలేని వడపోత గుండ పోనిచ్చి, యా నీటిని ఆరోగ్యవంతుల ముక్కులలో వేసెను. వారిలో కొందరకు పడిసెము పట్టినది. వడపోతను దాటిపోయిన యా యపరాధి వైరస్ అని తరువాత తేలెను. 1950 ప్రాంతపు దశకమున గుర్తింపబడిన రైనోవైరస్‌లలో నూటయేబదికి పైగా రకములున్నవి; కనుకనే యొకమారు వచ్చిన పడిసెము మరల రాదను భరోసా లేదు. వైరస్ లేనిదే యెంత చలియైనను పడిసెమును పుట్టింపజాలదు. ఇంతవరకు వ్యాజ్యము సులభము.

ఉత్తరధ్రువసమీపమున స్పిట్స్‌బర్గెన్ అను ద్వీపము కలదు. 1930-31 సంవత్సరములందు అచ్చటి లాంగియర్ పట్టణమునందలి సుమారు ఐదువందల జనుల యారోగ్యమును ఇద్దరు పరిశోధకులు గమనించిరి. శీతకాలమున సముద్రము గడ్డకట్టి ఓడల రాకపోకలు నిలిచిపోవును. మనము కలలోనైన నెరుగని యా చలిలో పడిసెములు క్రమముగా తగ్గి దాదాపు మాయమయ్యెను. మే నెలలో మొదటి యోడ వచ్చినది. కొన్నిదినములలోనే యూరంతయు తుమ్మసాగెను.

ఈ వృత్తాంతము చదివినప్పుడు మాకు మా యూరి రైలుస్టేషను జ్ఞప్తికి వచ్చినది. ఇచ్చట జనవరి రాత్రులు సాధారణముగా 18 మొదలు 20 డిగ్రీల ప్రాంతమున నుండును. దీనిని చలి యనిన స్పిట్స్‌బర్గెన్‌వారు నవ్విపోదురు. కాని సంక్రాంతికి హైదరాబాదునుండి, చెన్నపట్టణమునుండి బంధువులు రైలు దిగుదురు. ఒక యింట నిరువదిమంది, మూసిన తలుపులు, ఒక చాపమీద పదిమంది పిల్లలు, అరిసెల పళ్లెములో నందరి చేతులు. కనుమ గడచిన పిమ్మట ముక్కులు కారినచో దోషము మంచుది! మొదటి యోడను ఎవరును శంకింపరు. అల్లుడుగారిని శంకించుట మర్యాద కాదు గదా.

మరియు నొక సాక్ష్యము. 1918లో మనదేశమున కోటికి పైగా ప్రజలను బలిగొన్న ఇన్‌ఫ్లుయెంజా ఓడలద్వారా బొంబాయి చేరి రైలుమార్గములవెంట వ్యాపించెను. దాని ఘోరమైన విజృంభణము సెప్టెంబరునుండి ప్రబలినది గాని, గాఢమైన చలి వచ్చువరకు వేచియుండలేదు. నేటికిని మనదేశమున ననేకప్రాంతములందు నా వ్యాధి వానకాలముననే హెచ్చుచుండును.

అట్లయిన చలి నిర్దోషియా? ఇచ్చట మేము తొందరపడజాలము. స్వయముగా నేరము చేయనివాడు నేరమునకు తోడుపడి యుండవచ్చును. 1946లో ఇంగ్లండునందు సాల్స్‌బరీయొద్ద నెలకొల్పిన పరిశోధనాలయమున కొందరను తడిబట్టలతో గాలివీచు నడవలో నిలిపిరి. చలిమాత్రమే తగిలినవారికి పడిసెము రాలేదు. చలియు వైరస్సును కలిసినవారికి మొదటిమారు హెచ్చుగా వచ్చెను; మరల పరీక్షింపగా ఫలితము తారుమారయ్యెను. 1968లో అమెరికాయందలి టెక్సస్ కారాగారవాసులపై జరిగిన పరీక్షలోను చలి ప్రభావము కానరాలేదు. (ఖైదీయొక్క సమ్మతి యెంతవరకు స్వేచ్ఛాసమ్మతి యనునది వేరు ప్రశ్న, న్యాయవాదులమైన మాకది మనసున ముల్లువలె నున్నది.)

2005లో కార్డిఫ్ నగరమున మాత్రము వేరు ఫలితము వచ్చినది. తొంబదిమంది ఇరువదినిమిషములు పాదములను చన్నీటిలో నుంచిరి. మరి తొంబదిమంది ఖాళీపాత్రలో నుంచిరి. తరువాతి నాలుగైదు దినములలో మొదటివారిలో 13 మందియు, రెండవవారిలో 5 గురును పడిసెపు లక్షణములు చెప్పిరి. పాదములు చల్లబడినప్పుడు ముక్కులోని రక్తనాళములు ముడుచుకొని, అప్పటికే దాగియున్న వైరస్ పైచేయి యగునేమో యని వారి యూహ. కాని వైరస్సును పరీక్షించి చూడలేదు. అంతయు వారి వాఙ్మూలమే. 2015లో యేల్ విశ్వవిద్యాలయమువారు ఎలుకల శ్వాసనాళకణములయందు 37 డిగ్రీలకంటె 33 డిగ్రీలయొద్ద రైనోవైరస్ యెక్కువగా వృద్ధిపొందుననియు, ఆ చల్లదనమున కణముల రక్షణశక్తి తగ్గుననియు చూపిరి. కావున చలిపై నేరము ఋజువు కాలేదు. అనుమానము పూర్తిగ తొలగనులేదు.

మా మనస్సు ఇచ్చటనే కొంత శోధింపబడినది. తడిమడితో తెల్లవారుజామున వంట చేయింపబడిన వితంతువుల కష్టమును మనవారెరుగుదురు. "ఆ తడిబట్టయే వారికి రోగము తెచ్చినది" అని వ్రాసినచో సంస్కారపక్షమునకు మంచి యాయుధమగును. మేము నట్లే వ్రాయబోయి కలము నాపితిమి. సాక్ష్యము మనకు ప్రియమైన పక్షమునకు సైతము వంగరాదు. ఆ యాచారము తప్పగుటకు పడిసెముతో పనిలేదు. ఒక మనుష్యునిచే వణకుచు వంట చేయించుటయే చాలిన తప్పు. ఇక అస్పృశ్యతకు ఆరోగ్యమును సాకుగా చూపువారికి ఒక్క మాట: పడిసెము వాకిట నిలిపినవానినుండి గాక, ప్రక్కన గూర్చుండి భుజించు బావమరదినుండి వచ్చుచున్నది.

బాలింతరాలి గది సంగతి మిగిలినది. శిశువునకు వెచ్చదనము తప్పక కావలయును. ఇందు పెద్దల మాట సత్యము. కాని కిటికీ మూసి సాంబ్రాణిపొగ నింపుట వెచ్చదనము కాదు. పొగ పసివాని యూపిరితిత్తులకు హానికరము. కిటికీ కొంచెము తెరువుడు, బిడ్డకు మెత్తని గుడ్డ కప్పుడు, ఎత్తుకొనబోవువారిని చేతులు సబ్బుతో కడుగుకొనుమని కోరుడు, తుమ్ముచున్న చుట్టమును, ఎంత పెద్దవారైనను, గుమ్మమునొద్దనే కూర్చుండ బెట్టుడు. మా యింట నీ కడపటి నియమము పెట్టినప్పుడు ఒక మేనత్తగారు మాతో రెండునెలలు మాటలాడలేదు.