పందుల దొడ్డి - కూరగాయల మడి

పందుల మీద వ్యాసమా అని ముక్కు మూసుకోకండి. నేనీ కాలేజీలో చదువుతున్నానంటే సగం పందుల పుణ్యం, మిగతా సగం వంకాయలది. చిత్తూరు జిల్లాలో మాకున్నది అరెకరం నేల, నాలుగు ఆడపందులు, ఒక మగపంది.

మా తాత కాలంలో పందులు ఊరి చుట్టూ తిరిగి దొరికింది తిని వచ్చేవి. మేపు ఖర్చు లేదుగాని ఊళ్ళో మాటలు పడాల్సి వచ్చేది. ఆ మాటల్లో చాలావరకు కులం చూసి చేసే ఈసడింపు, కొంత నిజం కూడా. బద్దెపురుగు ఉన్న మనిషి మలం పంది తింటే దాని కండలో తిత్తులు ఏర్పడతాయి. ఆ మాంసం సరిగా ఉడక్కుండా తిన్నవాడి పేగులో మళ్ళీ బద్దెపురుగు పెరుగుతుంది. వాడి మలంలోని గుడ్లు నీళ్ళతోనో, కడగని ఆకుకూరతోనో మన కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు రావచ్చు. అంటే పందిమాంసం ముట్టనివారికీ ఈ ముప్పు తప్పదు. పందిని తిట్టేముందు ఊళ్ళో మరుగుదొడ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి మరి!

మా నాన్న ఆ మాటలు పడలేక అప్పుచేసి, దొడ్డి కట్టి, సిమెంటు గచ్చు వేయించాడు. తెల్ల యార్క్‌షైర్ జాతి ఆడపందుల్ని కొన్నాడు. పంది చూలు 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని మా అమ్మ వేళ్ళమీద లెక్కేస్తుంది. కొత్త గచ్చు మీద తొలి ఈతలో తొమ్మిది పిల్లలు. నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. మూడో వారానికి పిల్లలు పాలిపోయాయి, రొప్పసాగాయి. ఆరు చచ్చిపోయాయి. దిష్టి తగిలిందని అమ్మ నిమ్మకాయలు కట్టింది. ఆ పిల్లల్ని అమ్మి నా ఇంటర్ ఫీజు కట్టాలనుకున్నారు. ఆ ఏడు అమ్మ కమ్మలు అమ్మి కట్టారు.

కారణం ఇక్కడికొచ్చాక క్లాసులో విన్నాను. పందిపిల్ల సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుముతో పుడుతుంది. దానికి రోజుకు 7 మిల్లీగ్రాముల దాకా కావాలి, తల్లిపాలలో దొరికేది ఒక మిల్లీగ్రాము. మిగతాది మన్ను తవ్వుకొని సంపాదించుకోవాలి. తాత పందులకు ఊరంతా మన్నే. మేము శుభ్రమని వేయించిన గచ్చు ఆ మన్నుని పిల్లలకు దూరం చేసింది. ఆ రోజు క్లాసులో నేను తల ఎత్తలేదు.

ఇప్పుడు పుట్టిన మూడో రోజున మెడకండలో 200 మిల్లీగ్రాముల ఐరన్ డెక్స్‌ట్రాన్ సూది వేయిస్తున్నాం. చిన్న ఖర్చే.

ఇక మడి సంగతి. ముదురు తోటకూర, పుచ్చు వంకాయలు, చిలగడదుంప తీగ పందులకు వేస్తాం. కాని పంది పశువులా నెమరువేసే జంతువు కాదు. మనలాగే ఒకే కడుపు. ఒట్టి ఆకులతో బలియదు. తవుడు, నూకలు, వేరుశనగ చెక్క పెట్టాల్సిందే. పెంట మళ్ళీ మడికి వస్తుంది. ఒకసారి తొందరపడి పచ్చిపెంట వేస్తే తోటకూర మొక్కలు మాడిపోయాయి. అప్పట్నుంచి గడ్డితో కలిపి కుప్పవేసి, తిరగేస్తూ, నాలుగు నెలలు మాగనిచ్చాకే వేస్తున్నాం. ఆ వేడికి క్రిములు కూడా చాలావరకు చస్తాయి. దొడ్డి కడిగిన నీళ్ళు అరటికి మాత్రమే, ఆకుకూరలకు ససేమిరా వదలం.

హోటళ్ళ నుంచి తెచ్చే మిగులు తిండి దగ్గర ఇంకా జాగ్రత్త. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అస్సాం, అరుణాచల్‌లలో బయటపడి మన దేశంలోకి వచ్చింది. మనుషులకు సోకదు, పందులకు సోకిందంటే దొడ్డి ఖాళీయే. దానికి మందు లేదు. మిగులు తిండిలో ఎక్కడి మాంసం ముక్క ఉందో ఎవరు చూశారు? అందుకని అరగంటైనా తెర్లించి, చల్లార్చి పోస్తాం. లాభం లెక్కలు చెప్పేటప్పుడు ఆ కట్టెల ఖర్చు వెయ్యడం మాత్రం మా నాన్న ఎప్పుడూ మరిచిపోతుంటాడు.